ఈనెలు లేని ఆకు

కంప్యూటరు కొనడమంటే ఎడ్ల జత కొనడమేనని మా బసవేశ్వరరావు గారి నమ్మకం. నడిపించి చూడాలి, ఏది గబగబా నడిస్తే దాన్ని తోలుకు రావాలి. ఆయన బాపట్లలో మా వరి తెగుళ్ళ పథకానికి అధికారి. నేను, శేషారత్నాన్ని, ఆయన కింద సహాయకురాలిని. ఆఫీసులో ఆయనకు ఎదురు చెప్పే నోరు నాదొక్కటే కాబట్టి ఏ గొడవలోనైనా ముందు నా పేరే వినపడేది. ఆయన నన్ను మిరపకాయ అనేవారు. నా వెనక కాదు, నా ముందే అనేవారు. ఆ మాత్రం మెచ్చుకోవాలి.

ఇది డెబ్బై ఆరులో, వరి పొట్ట మీదున్నప్పటి మాట. అంతకు ముందు ఏడు, మందు చల్లే విమానం ముందుగా ఏ పక్కకు వెళ్ళాలన్న దగ్గర పెద్ద రభస జరిగింది. ప్రతి ఊరివాళ్ళూ లారీలెక్కి వచ్చి, మా చేలే ముందు మాడిపోతున్నాయంటూ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. నోరున్న ఊళ్ళకు విమానం వెళ్ళింది, నోరు లేని ఊళ్ళు ఎండిపోయాయి. అందుకని ఈసారి ఎవరి మాటా వినొద్దని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి పక్క నుంచీ ఆకులు తెప్పించాలి, ఫోటోలు తీయించాలి, ఆకుల మీద అగ్గి తెగులు మచ్చల్ని యంత్రం చేత లెక్కపెట్టించాలి. మచ్చలు ఎక్కడ ఎక్కువుంటే విమానం అక్కడికి. ఆ లెక్కపెట్టే యంత్రమేదో మమ్మల్నే ఎంచుకోమన్నారు.

మద్రాసు నుంచి వరదన్ అనే ఏజెంటు రెండు యంత్రాల్ని తెచ్చి దింపాడు. రెండూ వాడి చూడండి, నచ్చింది ఉంచుకోండి, రెండోది తీసుకుపోతానన్నాడు.

మొదటిదానికి కెమెరా కన్ను ఉంది. నెగెటివ్ దాని కింద పెట్టి బొత్తాం నొక్కితే రెప్పపాటులో మచ్చలెన్నో ఎర్ర అంకెల్లో వెలిగించేది. అంతే, ఇంకేమీ అడక్కూడదు. జోస్యం చిలక కార్డు తీసి ఇచ్చి పంజరంలోకి దూరినట్టు, చూసిందేదీ దాని దగ్గర మిగిలేది కాదు. మేం దానికి చిలక అని పేరు పెట్టాం. రెండోది అసలు సిసలు కంప్యూటరు, బీరువా అంత ఉండేది. నెగెటివ్‌ను ఒక గుండ్రటి గొట్టానికి చుడితే అది తిరుగుతూ, సన్నటి వెలుగుతో చుక్కా చుక్కా చదివి, ఒక్కో చుక్క ఎంత నలుపో అంకె వేసి తన జ్ఞాపకంలో దాచుకునేది. అది ఒక్క ఆకు చదివేలోపు మనం కాఫీ తాగి రావచ్చు. దానికి నత్త అని పేరు.

ఆయనకు చిలక కావాలి. నాకు నత్త కావాలి.

"వందల ఆకులు రావాలమ్మా. నీ నత్త అన్నీ చదివేలోపు కోతలు కూడా అయిపోతాయి. కొండను తవ్వి ఎలుకను పట్టే యంత్రం మనకెందుకు?" అన్నారాయన.

"చిలక ఎలుకను కూడా పట్టదండి. పట్టానని చెబుతుంది, అంతే" అన్నాను.

"మిరపకాయ!" అని నవ్వి, అసలు ఆకులతోనే పరీక్ష పెడదాం, దాంతో ఏదో ఒకటి తేలిపోతుందన్నారు.

ఆకులు తెప్పించడం మాత్రం అంత తేలిక కాదు. వరి ఆకు కోసిన కాసేపటికే చుట్టుకుపోతుంది. బాపట్ల పక్క ఆకుల్ని మా ఆఫీసు కెమెరాతోనే తీశాం. రేపల్లె, భట్టిప్రోలు పక్క నుంచి ఆకులు రావాలంటే తెనాలిలో రైలు మారాలి, ఇక్కడికి చేరేసరికి అవి చుట్టల్లా అయిపోతాయి. అందుకని తెనాలిలో స్టూడియో నడుపుకునే కోటయ్యకు ఆ పని అప్పగించాం. రైతులు ఆకులు తెచ్చి ఇస్తారు, ఆయన తాజాగా ఉన్నప్పుడే ఫోటో తీసి, నెగెటివ్‌లు మాకు పంపుతాడు.

రేపల్లె ఆకులు కోసి తెచ్చింది మా బాబాయి వెంకటకృష్ణయ్య. నాన్న పోయాక నన్ను పెంచి చదివించింది ఆయనే. కిందటి ఏడు తుఫానుకు ఆయన పంట నీళ్ళలో కుళ్ళిపోయింది. ఈ ఏడు కూడా పోతే ఇక సేద్యం చెయ్యలేనని, పొలం ఎవరికైనా అప్పగించి ఊరొదిలి ఏ మిల్లులోనో కూలికి పోతానని పిన్నితో అన్నాడట. ఆదివారం నేను వెళ్ళి చూశాను. ఆకు ఆకునా, మధ్యలో ఉబ్బి రెండు కొసలూ సన్నగా, నూలుకండె ఆకారంలో గోధుమరంగు మచ్చలు. గట్టు మీద నిలబడి చూస్తే చేను మీద ఎవరో నిప్పులు చల్లినట్టుంది. బాబాయి "ఇమానం వస్తదా అమ్మాయ్?" అని ఒక్క మాట అడిగాడు. వస్తుంది బాబాయ్ అన్నాను. ఆ మచ్చలు చూశాక రాకుండా ఎలా ఉంటుందనుకున్నాను.

పరీక్ష పెట్టిన రోజు గన్నవరంలో విమానం సిద్ధంగా ఉంది. మందు డ్రమ్ములు ఒక్క పక్కకే సరిపోయేటన్ని ఉన్నాయి. మర్నాటి ఒక్క పూట తిరిగి, విమానం వేరే జిల్లాకు వెళ్ళిపోతుంది. సాయంత్రంలోగా ట్రంకు కాల్ చేసి ఎటు రావాలో మేం చెప్పాలి.

ముందు బాపట్ల పక్క ఆకులు పెట్టారు. చిలక టకటకా అంకెలు వెలిగించింది. ఆకుకు పదీ పన్నెండూ మచ్చలు. తర్వాత తెనాలి నుంచి వచ్చిన నెగెటివ్‌లు. రేపల్లె ఆకు, ఒకటి. ఇంకో ఆకు, సున్నా. భట్టిప్రోలువీ అంతే.

"రేపల్లె పక్క శుభ్రంగా ఉందమ్మా. మీవాళ్ళు అదృష్టవంతులు" అన్నారు బసవేశ్వరరావు గారు.

"లేదండి. ఆదివారం నేను కళ్ళారా చూశాను. చేను తగలబడుతోందండి."

"ఎవరి చేను?"

అడిగారు గానీ ఆయనకు తెలుసు.

"మీ బాబాయిది. పోయినేడు లారీలెక్కి వచ్చినవాళ్ళు కూడా కళ్ళారా చూశామనే అన్నారు శేషారత్నం. ఎవరి చేను వాళ్ళకు ముందు కాలుతుంది. అందుకేగా ఈ యంత్రాలు!"

ఆ మాట నిజం. నిజం కాబట్టే నాకు ఒళ్ళు మండిపోయింది. నత్త చేత కూడా చదివించమని పట్టుబట్టాను. ఆయన గడియారం వంక చూసి సరేనన్నారు. నత్త గిర్రున తిరిగి, మా అందరి ఓపికా పరీక్షించి, చివరికి అదే చెప్పింది. ఒకటి.

"చూశావా? చిలక చెప్పిందే నత్తా చెప్పింది, కాకపోతే మనందరికీ ఆకలి వేశాక చెప్పింది" అని ఆయన నవ్వి, ఎక్స్ఛేంజీకి ఫోన్ చేసి గన్నవరానికి కాల్ బుక్ చెయ్యమని గుమాస్తాకు పురమాయించారు. బాపట్ల పక్కకే విమానం. మచ్చలు అక్కడే కదా ఎక్కువ.

కాల్ కలవడానికి ఎలా లేదన్నా కొంత సమయం పడుతుంది. నేను వరదన్ దగ్గరికి పరుగెత్తాను. "లెక్క వద్దండీ. అది చూసిన ఆకును చూసినట్టు కాగితం మీద అచ్చు వేయించండి. ఒక్కో చుక్కకు వేసిన అంకె ఉంటుందిగా, ఆ అంకెలన్నీ."

"మూరల కొద్దీ కాగితం అవుతుంది మేడమ్. అదెవరు చదువుతారు?"

"నేను చదువుతాను. మీరు వెయ్యండి."

అచ్చు యంత్రం దడదడమని కొట్టడం మొదలుపెట్టింది. కాగితం వస్తుంటే నేల మీద పరుచుకుంటూ పోయాను. మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. మొదట అన్నీ అంకెలే, తల తిరిగింది. తర్వాత కళ్ళకు అలవాటయింది. అంకెలు పెరుగుతూ తరుగుతూ నిలువునా గీతలు కట్టాయి. అవి ఆకు ఈనెలు. వరి ఆకులో ఈనెలు నాగలి చాళ్ళలాగా పక్కపక్కనే, మొదలు నుంచి కొస దాకా తెగకుండా పోతాయి కదా. ఒక ఈనె వెంట వేలు పెట్టి జరుపుకుంటూ వెళ్ళాను. మధ్యలో ఈనె మాయమైంది. అక్కడంతా ఒకటే అంకె. అరవై, అరవై, అరవై. మళ్ళీ బెత్తెడు కిందికి వస్తే ఈనె ఉంది. మాయమైన చోటు చుట్టూ వేలితో గీశాను. నూలుకండె ఆకారం! పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. ఈనెలు లేకుండా అలికిన అరుగులా నున్నగా ఉన్న ఆకును భూమ్మీద ఎవరైనా చూశారా?

నత్త గొట్టం మీంచి నెగెటివ్ ఊడదీయించి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. వెలుతురుకు ఏటవాలుగా పట్టాను. పట్టగానే అక్కడక్కడా సన్నటి మెరుగు తళుక్కుమంది. ఆ మెరుగు నాకు తెలుసు.

చిన్నప్పుడు నాకు అమ్మవారు పోసింది. బతికాను గానీ మొహం నిండా గుంటలు మిగిలాయి. పెళ్ళిచూపుల కోసం బాబాయి నన్ను తెనాలి తీసుకెళ్ళి, ఈ కోటయ్య దగ్గరే ఫోటో తీయించాడు. ఫోటోలో మొహం వెన్నముద్దలా వచ్చింది. పొన్నూరు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు మేనత్త ఆ ఫోటో చేత్తో పట్టుకుని, దాని వంకా నా వంకా చూసి, "ఇంతకీ పెళ్ళికూతురేదండీ, ఇంకా తీసుకురాలేదేం?" అంది. మర్నాడే తెనాలి వెళ్ళి కోటయ్యను కడిగేశాను. ఆయన ఏమాత్రం నొచ్చుకోలేదు. నెగెటివ్ తీసి, ఇలాగే ఏటవాలుగా పట్టి చూపించాడు. మచ్చ ఉన్న ప్రతి చోటా సన్నటి పెన్సిలు పని. చూడమ్మా, ఒక్కో మచ్చా ఎంత ఓపిగ్గా పూడ్చానో అన్నాడు.

పూడ్చడం ఆయన వృత్తి. పూడ్చకుండా ఫోటో ఇవ్వడమంటే ఆయనకు బట్టలు లేకుండా మనిషిని బజారులోకి పంపడంతో సమానం. అలవాటు కొద్దీ మా ఆకులకు కూడా స్ఫోటకం మచ్చలు పూడ్చేశాడు మహానుభావుడు!

నెగెటివ్ పట్టుకుని అధికారి గదిలోకి దూసుకెళ్ళాను. చెప్పాను. చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "గీతలేవో ఉన్నాయి. వేలిముద్రలు కూడా కావచ్చు. దీన్ని పట్టుకుని విమానాన్ని మార్చమంటే రేపు నా మీద పడతారు. సహాయకురాలి బాబాయి కోసం మార్చాడంటారు" అన్నారు.

"పెన్సిలు తుడిచేసి మళ్ళీ లెక్కపెట్టిద్దామండి."

"తుడిస్తే ఫోటో కూడా పోతే?"

నెగెటివ్ మీద పూత మెత్తగా ఉంటుంది, చెయ్యి బరువైతే ఆకుతో సహా లేచిపోతుంది. అసలు ఆకులు ఎప్పుడో ఎండి తెనాలి చెత్తకుండీలో పడ్డాయి. ఇదొక్కటే మిగిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామన్నా పట్టుకోవడానికి ఆకులే లేవు.

ఆఫీసు తలుపులకు రంగు వేస్తున్నవాళ్ళ దగ్గర టర్పెంటైన్ అడిగి తెచ్చుకున్నాను. దూది ముంచి, పిండి, ఊపిరి బిగబట్టి ఒక మూల నుంచి మొదలుపెట్టాను. బాబాయి గట్టు మీద నిలబడి అడిగిన మాటే చెవుల్లో ఉంది. దూదికి నల్లగా అంటింది. పెన్సిలా, ఫోటోనా? వెలుతురుకు పట్టి చూసే ధైర్యం లేక ఇంకో దూది తీసుకున్నాను. అటు గదిలో ఫోన్ మోగింది. "గన్నవరం లైన్లో ఉందండీ!" అని గుమాస్తా కేక.

"ఒక్క క్షణం ఆగమనండీ సార్, మీకు పుణ్యం ఉంటుంది!" అని అరిచి, తడి నెగెటివ్‌ను తీసుకెళ్ళి చిలక కింద పెట్టాను. నత్తకు చుట్టే తీరిక లేదు.

ఎర్ర అంకెలు వెలిగాయి. నలభై ఒకటి.

బసవేశ్వరరావు గారు అంకె వంక చూశారు, నా వంక చూశారు. లోపలికి వెళ్ళి ఫోన్ తీసుకుని, "రేపల్లె పక్కకు రావాలి. అవును, రేపల్లె. పొద్దున్నే" అన్నారు. వెంటనే రేపల్లెకు కూడా కబురు పంపారు, గట్ల మీద విమానానికి కనపడేలా జెండాలు పాతమని.

నేను బెంచీ మీద కూలబడ్డాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. వరదన్ కాఫీ తెప్పించాడు. "చూశావా మిరపకాయా, ఆఖరికి నిన్ను గట్టెక్కించింది చిలకే. రెప్పపాటులో చెప్పింది" అన్నారు అధికారి. ఆ నిమిషంలో చిలకను కాదు, నిజంగా కాకిని కొంటానన్నా ఒప్పుకునేదాన్ని.

కాఫీ తాగాక కోపం తిరిగొచ్చింది. కోటయ్య స్టూడియో పక్క మందుల షాపుకు కాల్ బుక్ చేసి, ఆయన్ని పిలిపించాను.

"ఏం పని చేశారండీ కోటయ్య గారూ! మచ్చలన్నీ పూడ్చేశారేంటి?"

"అదేంటమ్మా అట్టా అంటావు? గవర్నమెంటు ఆఫీసుకి ఎల్లే ఫోటోలు, మచ్చలతో పంపిస్తానా? నా స్టూడియో పరువేం కాను?"

"మచ్చల కోసమే కదండీ ఫోటోలు తీయమంది!"

"ఆ మాట నాకెవరు చెప్పారు తల్లీ? జాగ్రత్తగా తియ్యమన్నారు, తీశాను. రెండు రోజులు కళ్ళు పోయేలా కూర్చున్నాను. అందరివీ ఒక్కలాగే చేశాను."

"అందరివీనా?"

"మరి? రేపల్లెవి దిద్ది భట్టిప్రోలువి వదిలేస్తే వాళ్ళేమనుకుంటారు? మా ఇంటిది భట్టిప్రోలు ఆడపడుచమ్మా. అయ్యైతే మచ్చలు మరీ ఎక్కువ, ఇంకా శ్రద్ధగా చేశాను."

నేను ఫోన్ పెట్టేశాను. భట్టిప్రోలు నెగెటివ్‌లు అదే కవర్లో, నా బల్ల మీదే ఉన్నాయి. చిలక కింద నుంచి తీశాక మళ్ళీ అందులోనే వేశాం, ఆ తర్వాత నేను వాటి మొహం చూడలేదు.

మందు ఒక్క పక్కకే సరిపోతుంది. నోరు మూసుకుంటే బాబాయి పంట నిలబడుతుంది. ఎవరూ నన్ను అడగరు. కోటయ్య మళ్ళీ ఈ సంగతి ఎత్తడు, భట్టిప్రోలు రైతులకు ఫోటోల గొడవే తెలియదు. ఇవన్నీ అనుకున్నాను, దాచడం దేనికి? కవరు సొరుగులో పెట్టి మూశాను కూడా. కానీ పోయినేడు మెట్ల మీద కూర్చున్నవాళ్ళ మీద నేనెంత ఎగిరానో గుర్తొచ్చి, నా మీద నాకే అసహ్యం వేసింది. కవరు తీసుకుని లోపలికి వెళ్ళాను.

అంతా విని బసవేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత మెల్లిగా, "ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. రేపల్లెలో మీ బాబాయి చేను లేకపోతే ఆ కాగితాలు అచ్చు వేయించి చూసేదానివా?" అన్నారు.

"లేదండి. అంకె వచ్చింది కదా అని సంతకం పెట్టేదాన్ని."

"భట్టిప్రోల్లో నీకు బాబాయిలు లేరు మరి."

"అందుకే నత్త కావాలండి. చిలక చూసిందేదీ దాచుకోదు, దాన్ని ఎవరు నిలదీస్తారు? నత్త దగ్గరైతే ఏ ఊరి ఆకునైనా మళ్ళీ బయటికి తీసి, ఈనెలేవి అని అడగొచ్చు. బాబాయి ఉన్నా లేకపోయినా."

ఆయన బల్ల మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ కూర్చున్నారు. "ముందు అవి కడుగు" అన్నారు. నేను తలుపు దాకా వెళ్ళాక, "వరదన్‌కు చెప్పు, నత్తను ఉంచుకుంటాం. చిలకను పెట్టెలో పెట్టుకోమను" అన్నారు.

ఈసారి ఊపిరి బిగబట్టలేదు. భట్టిప్రోలు ఆకు కడిగాక అరవై ఎనిమిది మచ్చలు తేలాయి. ఇంకోటి కడిగాం, డెబ్బై పైనే. నా ఎదుటే ఆయన మళ్ళీ గన్నవరానికి ఫోన్ చేసి విమానాన్ని భట్టిప్రోలుకు మళ్ళించారు; రేపల్లెకు ఆ కబురు నేనే చెబుతానన్నాను.

మర్నాడు మొదటి బండికే రేపల్లె వెళ్ళాను. ఈ మాట ఇంకెవరి నోటా బాబాయి వినకూడదనుకున్నాను. ఆయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. పొడుగాటి గెడకు పిన్ని ఎర్రచీర ముక్క కట్టి పాతాడు. పక్క చేలవాళ్ళు కూడా తలో జెండా పాతి ఆకాశం వంక చూస్తున్నారు. దూరంగా భట్టిప్రోలు వైపు విమానం చప్పుడు వినపడింది.

"అదిగోనే అమ్మాయ్, వచ్చేసింది!" అన్నాడు బాబాయి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని.

"ఇటు రాదు బాబాయ్. మందు అక్కడికే సరిపోతుంది."

ఆయన చెయ్యి దించలేదు. జరిగిందంతా చెప్పాను. ఫోటోలు, పెన్సిలు, నేను సొరుగులో పెట్టిన కవరు, అన్నీ చెప్పాను. చప్పుడు దగ్గరికి వచ్చినట్టే వచ్చి, తిరిగి భట్టిప్రోలు మీదికి మళ్ళింది.

"మనాకుకు మచ్చలెన్ని?" అని అడిగాడు.

"నలభై ఒకటి."

"వాళ్ళకి?"

"డెబ్బై దాకా బాబాయ్."

ఆయన గెడ దగ్గరికి వెళ్ళి, దాన్ని అటూ ఇటూ ఊపి, పీకి భుజాన వేసుకున్నాడు. నా మొహం చూడకుండా ముందు నడిచాడు. గుమ్మం దాకా వచ్చాక ఆగాడు. లోపల పొయ్యి దగ్గర పిన్ని ఎవరికో చెబుతోంది, ఇమానం చప్పుడు ఇంటున్నారా, మా శేషు పంపింది అని.

"నువ్వు చేసింది తప్పని నేననను. కానీ మీ పిన్నికి నువ్వే చెప్పు. నా వల్ల కాదు" అన్నాడు బాబాయి.

నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను.